దశ (శాస్త్రాల్లోనూ లోకవ్యవహారంలోనూ)

దశ అంటే సాగే క్రమంలో ఒక భాగం, తిరిగే చక్రంలో ఒక స్థానం, లేదా ఒక పదార్థం ధరించిన రూపం. ఖగోళం నుంచి వైద్యం దాకా, సేద్యం నుంచి ప్రభుత్వ పథకాల దాకా ఈ భావన అవసరం లేని రంగం కనిపించదు. అయితే అన్ని దశలూ ఒక్క తీరువి కావు. ఒక దశ ముగిసి మరొకటి మొదలయ్యే హద్దును కొన్నిచోట్ల ప్రకృతే పెట్టింది. చాలాచోట్ల మనిషి తన లెక్క కోసం గీసుకున్నాడు. ఆ తేడా తెలియకపోతే పంట దగ్గరా, తుఫానులోనూ, ఆస్పత్రిలోనూ నష్టపోయేది సామాన్యుడే.

ఈ వ్యాసంలోని స్థానిక ఉదాహరణలు ఎక్కువగా శ్రీకాకుళం జిల్లావి.

చక్రంలో స్థానం

చంద్రుడి మీద ఎండ పడే భాగం ఎప్పుడూ సగమే. అందులో మనకు కనిపించే వాటా మాత్రం రోజురోజుకూ మారుతుంది. అమావాస్య నుంచి అమావాస్యకు సగటున 29.53 రోజులు. పంచాంగం ఈ చక్రాన్ని రోజులతో కాక కోణంతో కొలిచింది. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య ఎడం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి, 30 తిథులకు 360 డిగ్రీలు. చంద్రుడి నడక ఒకే వేగంతో సాగదు కాబట్టి ఒక తిథి 19 గంటలకే ముగియవచ్చు, మరొకటి 26 గంటల దాకా సాగవచ్చు. ఏ సూర్యోదయానికీ తగలకుండా జారిపోయే తిథి, రెండు సూర్యోదయాలకు నిలిచే తిథి ఇందువల్లే వస్తాయి. ఆవర్తనమయ్యే దేన్నైనా కోణంతో గుర్తించడం నేటి భౌతిక శాస్త్రం పద్ధతి. పంచాంగ గణితం ఆ పనిని ఎన్నో శతాబ్దాల ముందే చేసింది, ఇది గర్వించదగ్గ విషయం.

సముద్రం మీద కూడా ఈ కోణం పని చేస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ సూర్యచంద్రుల ఆకర్షణలు ఒకే వరుసలో కలిసి పోటు పెరుగుతుంది. అష్టమి ప్రాంతంలో ఆ రెండింటికీ 90 డిగ్రీల ఎడం ఉంటుంది కాబట్టి పోటు తగ్గుతుంది.

కరెంటులో ఫేజు అన్నా ఇదే కోణం. మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తుంది. త్రీ ఫేజు లైనులో మూడు తీగల తరంగాలు ఒకదాని వెనక ఒకటి 120 డిగ్రీల ఎడంతో నడుస్తాయి. ఒక తీగలో వోల్టేజీ శిఖరానికి చేరాక, సెకనులో 150వ వంతు గడిచేసరికి తర్వాతి తీగలో చేరుతుంది. ఆ వరుస వల్ల మోటారు లోపలి అయస్కాంత క్షేత్రం దానంతటదే గుండ్రంగా తిరిగి ఇరుసును తనతో తిప్పుతుంది. అందుకే పొలం మోటారుకు త్రీ ఫేజు కావాలి. రెండు తీగలు తారుమారైతే మోటారు ఎదురు తిరుగుతుంది. నడుస్తుండగా ఒక ఫేజు పోతే మిగిలిన వాటి మీద భారం పడి చుట్టలు కాలిపోతాయి. 1891లో జర్మనీలోని లౌఫెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు 175 కిలోమీటర్ల దూరం త్రీ ఫేజు కరెంటు పంపి చూపించాక ఈ పద్ధతి ప్రపంచమంతా వ్యాపించింది.

పదార్థం రూపాలు

ఘన, ద్రవ, వాయు రూపాలను రసాయన శాస్త్రం ప్రావస్థలు అంటుంది. ఇక్కడి హద్దు ప్రకృతిదే. మామూలు పీడనంలో మంచును వేడి చేస్తే, అది పూర్తిగా కరిగేదాకా ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దగ్గరే ఆగుతుంది. గ్రాముకు దాదాపు 334 జౌళ్ల వేడి రూపం మార్చడానికే ఖర్చవుతుంది. ఈ గుప్తోష్ణాన్ని 18వ శతాబ్దంలో జోసెఫ్ బ్లాక్ గుర్తించాడు. ఎన్ని ప్రావస్థలు ఒకేసారి కలిసి ఉండగలవో చెప్పే సూత్రాన్ని 1870లలో అమెరికా శాస్త్రవేత్త విలార్డ్ గిబ్స్ ఇచ్చాడు.

దీన్ని కళ్లతో చూడాలంటే సంతబొమ్మాళి మండలంలోని నౌపడ ఉప్పు మడులకు వెళ్లాలి. సముద్రపు నీటిలో లవణాలు సుమారు 3.5 శాతం. ఎండకు నీరు ఆవిరవుతూ చిక్కబడుతుంటే లవణాలన్నీ ఒకేసారి దిగవు. మొదట సున్నపు లవణం, ఆ తర్వాత జిప్సం, చిక్కదనం చెప్పే బామే కొలతలో 25 డిగ్రీలు దాటాక తినే ఉప్పు పేరుకుంటాయి. 29, 30 డిగ్రీల దగ్గర మిగిలే చేదు నీటిని వదిలేయకపోతే మెగ్నీషియం లవణాలు చేరి ఉప్పు చెడుతుంది. ఏ మడిలో నీరు ఎప్పుడు దించాలో తెలిసిన కార్మికుడు ఈ ప్రావస్థల శాస్త్రాన్నే ఆచరిస్తున్నాడు.

ప్రకృతి పెట్టిన హద్దు కూడా అన్ని పరిస్థితుల్లోనూ ఉండదు. 374 డిగ్రీల సెల్సియస్, సుమారు 218 వాతావరణ పీడనాలు దాటితే నీటికీ ఆవిరికీ తేడా చెరిగిపోతుంది.

మనిషి గీసిన గీతలు

వరికి ఉభాలు అయ్యాక పిలకలు వేసే దశ, పొట్ట దశ, ఈనిక, పాలు పోసుకునే దశ, గింజ గట్టిపడే దశ వస్తాయి. పూత నుంచి కోతకు దాదాపు 30 రోజులన్నది చాలా రకాలకు ఒకటే. స్వల్పకాలిక, దీర్ఘకాలిక రకాల మధ్య తేడా ప్రధానంగా పిలకల దశ నిడివిలో ఉంటుంది. రాగోలు వ్యవసాయ పరిశోధన స్థానం ఇచ్చిన ఆర్‌.జి.ఎల్. 2537, అంటే శ్రీకాకుళం సన్నాలు, వేసిన రైతుకూ ఈ లెక్క వర్తిస్తుంది. పురుగు ఒకటే అయినా దశను బట్టి నష్టం మారుతుంది. కాండం తొలిచే పురుగు పిలకల దశలో పడితే మొవ్వు ఎండుతుంది, కొత్త పిలకలు కొంత పూడుస్తాయి. అదే పొట్ట దశ దాటాక పడితే తెల్లకంకి వస్తుంది, ఇక పూడ్చేది ఉండదు. పొలంలో దశల మధ్య గీత లేదు, ఒకే దుబ్బులో రెండు దశల పిలకలు ఉంటాయి. అయినా ఈ పేర్లు లేకుండా సేద్యం సాగదు.

తుఫాను సంగతీ ఇంతే. గాలి గంటకు 31 కిలోమీటర్లయితే వాయుగుండం, 50కి తీవ్ర వాయుగుండం, 62కి తుఫాను, 89కి తీవ్ర తుఫాను, 118కి అతి తీవ్ర తుఫాను. ఈ అంకెలు వాతావరణ శాఖ పెట్టుకున్నవి. 61కీ 62కీ మధ్య సముద్రంలో కొత్తగా జరిగేదేమీ లేదు. కళింగపట్నంలో ఎగిరే ప్రమాద సూచిక నంబరు మాత్రం మారుతుంది, వేటకు వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం మారుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ అతి తీవ్ర తుఫానుగా పలాస దగ్గర తీరం దాటింది. అప్పటికి అమావాస్య వెళ్లి రెండు రోజులే. ఉప్పెన నీరు పోటు మీదే చేరుతుంది కాబట్టి, తీరంలో తుఫాను దశ ఒక్కటే చూస్తే చాలదు, చంద్రుడి దశనూ చూడాలి.

అన్నిటికన్నా బరువైన గీతలు వైద్యంలో ఉన్నాయి. దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధికి అయిదు దశలు. మూత్రపిండాలు నిమిషానికి వడగట్టే రక్తద్రవం 90 మిల్లీలీటర్లు, అంతకు మించి ఉండి వేరే లోపాలు కనిపిస్తే ఒకటో దశ, 60 నుంచి 89 రెండు, 30 నుంచి 59 మూడు, 15 నుంచి 29 నాలుగు, 15 లోపు అయిదు. లోపం మూడు నెలలకు పైగా నిలిస్తేనే ఈ లెక్క. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు వైపున్న ఉద్దానంలో ఈ అంకెలు ఇంటింటి మాట. అక్కడి వ్యాధికి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. మొదటి మూడు దశల్లో ఒంట్లో బాధ పెద్దగా తెలియదు కాబట్టి జీడి, కొబ్బరి తోటల్లో పని చేసే మనిషి ఆస్పత్రికి వచ్చేసరికే డయాలసిస్ దగ్గర పడుతుంది. దశల పట్టికకు నిజమైన విలువ రోగం తెలియని మనిషికి రక్తపరీక్ష చేసినప్పుడే వస్తుంది. రోగం ముదిరాక అది కేవలం నమోదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి.

జ్యోతిషంలో వింశోత్తరి దశలు మొత్తం 120 ఏళ్లు. రవికి 6, శనికి 19, శుక్రుడికి 20, ఇలా తొమ్మిది గ్రహాలకు పంచారు. ఇది సంప్రదాయం చేసిన పంపకం, గ్రహాల పరిభ్రమణ కాలాలతో ఈ అంకెలు సరిపోవు. ఎన్నికల దశలు బందోబస్తు వీలు కోసం. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికలు నాలుగు దశల్లో జరిగాయి.

నీటి పథకాల్లో దశ అంటే డబ్బు, అనుమతి ఎంతవరకు వచ్చాయో అంతవరకు. వంశధార పథకం మొదటి దశ గొట్టా బ్యారేజీ, దాని ఎడమ కాలువ. రెండో దశకు ప్రాణం ఒడిశా సరిహద్దులో నేరడి బ్యారేజీ. అది వివాదంలో చిక్కుకోవడంతో కాట్రగడ దగ్గర పక్క మత్తడి నుంచి వరద నీటిని మళ్లించి, 19.05 టి.ఎం.సి.ల హిరమండలం జలాశయం నింపే మార్గం ఎంచుకున్నారు. దానికోసం ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. నేరడికి ట్రిబ్యునల్ 2017 సెప్టెంబరులో అనుమతి ఇచ్చింది. ఉద్దానం ఇళ్లకు తాగునీరు అందించే పథకానికి నీళ్లు తీసుకునేది ఈ హిరమండలం జలాశయం నుంచే.