రంజీలో కింది మెట్టు ఎక్కిన హైదరాబాద్: 366 రన్స్ వెనకాల అసలు కథ

ఇవాళ హిస్టరీ ఎపిసోడే, కానీ రాజులు, కోటలు లేవు. ఒక క్రికెట్ సీజన్ హిస్టరీ. అది కూడా టాప్ డివిజన్‌ది కాదు, కింది డివిజన్‌ది. 2023-24 రంజీ ట్రోఫీలో ప్లేట్ గ్రూప్ అనే చోట హైదరాబాద్ ఆడిన సీజన్.

ఆ సీజన్ నుంచి ఒక్క నంబర్ మీకు గుర్తుండొచ్చు. 366. అప్పట్లో రీల్స్‌లో బాగా తిరిగింది. దాని దగ్గరికి వస్తా. ముందు, హైదరాబాద్ అసలు అక్కడికి ఎట్లా పోయిందో చూద్దాం.

ఐపీఎల్‌తో మొదలుపెడదాం, అందరికీ తెలిసిందే కాబట్టి. 2023లో సన్‌రైజర్స్ 10 టీమ్‌లలో లాస్ట్ వచ్చింది. ఏమైంది? ఏం కాలేదు. 2024లో అదే లీగ్‌లో ఆడింది, ఫైనల్ దాకా వెళ్లింది. ఐపీఎల్‌లో ఎంత ఓడినా నీ సీటు నీదే. ఎందుకంటే అక్కడ సీటును డబ్బు పెట్టి కొన్నారు.

రంజీలో అట్లా కాదు. 2022-23లో ఎలీట్ డివిజన్‌లో 32 టీమ్‌లు ఉన్నాయి. మొత్తం మీద చివరి రెండు టీమ్‌లు కింద ఉన్న ప్లేట్‌కి దిగిపోవాలి. ఆ సీజన్‌లో హైదరాబాద్ 7 మ్యాచ్‌లు ఆడింది. 6 ఓడింది, 1 డ్రా. ఒక్క గెలుపు కూడా లేదు. నాగాలాండ్‌తో పాటు హైదరాబాద్ కిందికి దిగింది.

ఇట్లా ఎక్కడం, దిగడం అనే పద్ధతి ఇంగ్లండ్ నుంచి వచ్చింది. అక్కడి ఫుట్‌బాల్ లీగ్ 1892లోనే సెకండ్ డివిజన్ పెట్టింది. రగ్బీ యూనియన్‌లో మాత్రం దేశమంతా మెట్లు మెట్లుగా ఉండే లీగ్ 1987లో గానీ రాలేదు. ఇప్పుడు అక్కడ కౌంటీ లెవెల్‌లో ఆడే చిన్న క్లబ్ కూడా, కాగితం మీదైనా సరే, గెలుచుకుంటూ పోతే పైకి ఎక్కొచ్చు. మన రంజీలో ఎలీట్, ప్లేట్ అనే రెండు మెట్లు 2002-03లో వచ్చాయి.

ఇప్పుడు, దిగింది ఎవరో ఒకసారి చూడండి. హైదరాబాద్ రంజీ ట్రోఫీ రెండుసార్లు గెలిచింది. మొదటిది 1937-38లో. నవానగర్ మీద ఫైనల్, 310 టార్గెట్, ఒక్క వికెట్ తేడాతో గెలుపు. ఎడుల్జీ ఐబారా 137 నాటౌట్. రెండోది 1986-87లో, ఎం.వి. నరసింహారావు కెప్టెన్సీలో ఢిల్లీ మీద. 1999-2000లో కూడా ఫైనల్‌కి వెళ్లింది. ఆ సీజన్‌లో వీవీఎస్ లక్ష్మణ్ ఒక్కడే 1,415 రన్స్ కొట్టాడు. అజారుద్దీన్, లక్ష్మణ్, సిరాజ్ వచ్చింది ఈ టీమ్ నుంచే.

కింది మెట్టు హైదరాబాద్‌కి కొత్త కూడా కాదు. 2010 నవంబర్‌లో జైపూర్‌లో రాజస్థాన్ మీద ఆడుతూ 21 రన్స్‌కి ఆలౌట్ అయింది. రంజీ చరిత్రలో అప్పటిదాకా అంత తక్కువ స్కోర్ ఎవరికీ లేదు. మొదటి మ్యాచ్ ఆడుతున్న దీపక్ చాహర్ 10 రన్స్ ఇచ్చి 8 వికెట్లు తీశాడు. అది కూడా ప్లేట్ మ్యాచే! ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఇంకోటి ఉంది. ఆ ఏడాది రాజస్థాన్ కూడా ప్లేట్‌లోనే ఉంది. అక్కడి నుంచి నాకౌట్‌కి ఎక్కి, ఏకంగా రంజీ ట్రోఫీయే గెలిచింది. తర్వాతి ఏడాది మళ్లీ గెలిచింది. అంటే ఒకే మెట్టు మీద నిలబడ్డ రెండు టీమ్‌లలో ఒకటి పరువు పోగొట్టుకుంది, ఇంకోటి కప్పు తెచ్చుకుంది. కింది మెట్టు మీద ఉన్నామా అన్నదానికంటే అక్కడ ఏం చేశామన్నదే లెక్క.

సరే, 2024 జనవరికి వద్దాం. ప్లేట్‌లో హైదరాబాద్‌తో పాటు ఉన్నది నాగాలాండ్, మేఘాలయ, మిజోరం, సిక్కిం, అరుణాచల్ ప్రదేశ్. ఈ అయిదు రాష్ట్రాలూ రంజీలోకి వచ్చిందే 2018-19లో. అంటే అప్పటికి ఆ టీమ్‌ల వయసు అయిదారేళ్లు. మన టీమ్ అయితే స్వాతంత్ర్యానికి ముందే కప్పు కొట్టింది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

కెప్టెన్ తిలక్ వర్మ. మొదటి మ్యాచ్ నాగాలాండ్‌లో. రాహుల్ సింగ్ గహ్లోత్ డబుల్ సెంచరీ, తిలక్ సెంచరీ. ఇన్నింగ్స్ తేడాతో గెలుపు.

తర్వాత జనవరి 26. రిపబ్లిక్ డే. హైదరాబాద్‌లోని నెక్స్‌జెన్ గ్రౌండ్. అరుణాచల్ 172కి ఆలౌట్. ఆ తర్వాత తన్మయ్ అగర్వాల్ బ్యాట్ పట్టుకుని వచ్చాడు. 147 బంతుల్లో ట్రిపుల్ సెంచరీ. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో ప్రపంచంలోనే ఫాస్టెస్ట్. అంతకుముందు రికార్డ్ సౌతాఫ్రికాకి చెందిన మార్కో మరైస్‌ది, 191 బంతులు. రవిశాస్త్రి 1985లో పెట్టిన ఫాస్టెస్ట్ డబుల్ సెంచరీ ఇండియన్ రికార్డ్ కూడా అదే రోజు పోయింది. సాయంత్రానికి స్కోర్ 48 ఓవర్లలో 1 వికెట్‌కి 529. ఇది టెస్ట్ తరహా మ్యాచ్ అండీ, టీ20 కాదు! మరుసటి రోజు తన్మయ్ అవుటయ్యేసరికి 181 బంతుల్లో 366. అందులో 26 సిక్సులు, ఒక ఇన్నింగ్స్‌లో అది కూడా ప్రపంచ రికార్డే. రాహుల్ సింగ్ 105 బంతుల్లో 185. వీళ్లిద్దరి ఓపెనింగ్ పార్ట్‌నర్‌షిప్ 449.

గ్రూప్‌లో 5కి 5 మ్యాచ్‌లు గెలిచాం. సెమీస్‌లో మళ్లీ నాగాలాండ్‌ని ఓడించాం.

ఇప్పుడు మీలో కొందరు అనుకుంటుంటారు, "అన్నా, అరుణాచల్ మీద 366 కొడితే గొప్పేముంది?" అని. న్యాయమైన ప్రశ్నే. నేను కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను. మా దగ్గర టెస్ట్ సర్వర్‌లో అన్నీ గ్రీన్ వస్తే ఎవరూ పార్టీ చేసుకోరు. ప్రొడక్షన్‌లో లోడ్ పడ్డప్పుడు నిలబడితేనే అది పనిచేసినట్టు. ఆ 366 రికార్డ్ నిజం, ఆ బంతులు నిజం. కానీ హైదరాబాద్ బాగుపడిందా లేదా అన్నది ఆ ఇన్నింగ్స్ చెప్పలేదు.

చెప్పింది ఫైనల్. 2024 ఫిబ్రవరి, ఉప్పల్ స్టేడియం, ఎదురుగా మేఘాలయ. గ్రూప్ మ్యాచ్‌లో ఇదే మేఘాలయని మనోళ్లు ఇన్నింగ్స్ తేడాతో ఓడించారు. ఫైనల్లో మేఘాలయ మొదటి ఇన్నింగ్స్‌లో 304 కొట్టింది. హైదరాబాద్ 350. అంటే లీడ్ 46 మాత్రమే. నితీశ్ రెడ్డి సెంచరీ చేయకపోతే అది కూడా ఉండేది కాదు. (ఇతను కె. నితీశ్ రెడ్డి, హైదరాబాద్ బ్యాటర్. ఇండియాకి ఆడే వైజాగ్ నితీశ్ కాదు, కన్‌ఫ్యూజ్ అవ్వకండి.) రెండో ఇన్నింగ్స్‌లో మేఘాలయ మళ్లీ పోరాడింది. చివరికి టార్గెట్ 198. నాలుగో రోజు 5 వికెట్ల తేడాతో గెలిచాం. సీజన్ మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైనవి ఆ 198 రన్సే. ఎందుకంటే అవి చేతికి ఊరికే రాలేదు.

ఫైనల్ ఆడిన రెండు టీమ్‌లూ ఎలీట్‌కి ఎక్కాయి. తర్వాత ఏమైందో చూడండి. 2024-25లో హైదరాబాద్ ఎలీట్‌లో నిలబడింది. మేఘాలయ ముంబై మీద ఒక దశలో 2 రన్స్‌కి 6 వికెట్లు పోగొట్టుకుంది. అవును, రెండే రన్స్! సీజన్ అయ్యేసరికి మళ్లీ ప్లేట్‌కి దిగింది. ఎక్కడం ఒక ఎత్తు, పైన నిలబడడం ఇంకో ఎత్తు. నిలబడాలంటే కింద పునాది కావాలి: గ్రౌండ్లు, లీగ్‌లు, కోచ్‌లు, సెలెక్షన్.

ఇక్కడే కథ మన జిల్లాలకి వస్తుంది.

హైదరాబాద్‌కి పునాది లేక కింద పడలేదు. గ్రౌండ్ ఉంది, లీగ్ ఉంది, తొంభై ఏళ్ల చరిత్ర ఉంది. గొడవంతా ఆ పునాది ఎవరి చేతిలో ఉందన్న దగ్గర. హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ గొడవలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. టీమ్ కిందికి దిగిన ఆ 2023లోనే, సరిగ్గా ఫిబ్రవరిలో, కోర్టు రిటైర్డ్ జస్టిస్ ఎల్. నాగేశ్వరరావుని ఏకసభ్య కమిటీగా వేసింది. ఒకే మనిషి, ఒకే కుటుంబం చేతిలో ఎక్కువ క్లబ్బులు ఉండటాన్ని ఆయన తప్పుపట్టి, 57 క్లబ్బులను ఎన్నికల నుంచి పక్కన పెట్టారు. అక్టోబర్‌లో ఎన్నికలు జరిగాయి. జనవరిలో టీమ్ ప్లేట్ ఆడింది. ఆఫీసులో గొడవ వల్లే బ్యాటర్ అవుటయ్యాడని నేను అనను. కానీ టీమ్‌ని ఎంచే ఇల్లే సరిగ్గా లేకపోతే ఆ దుమ్ము గ్రౌండ్ మీద పడుతుంది.

పేరు హైదరాబాద్ అయినా, రంజీలో ఇది మొత్తం తెలంగాణ టీమ్. భూపాలపల్లిలో సింగరేణి క్వార్టర్స్ వెనకాల బౌలింగ్ వేసే పిల్లగాడికి వేరే రంజీ టీమ్ లేదు. 2016 అక్టోబర్ 11న వరంగల్ నుంచి విడిపోయి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలయ్యాయి. కలెక్టరేట్లు వచ్చాయి, ఎస్పీ ఆఫీసులు వచ్చాయి. క్రికెట్‌లో మాత్రం దారి ఇప్పటికీ సిటీ లీగ్‌ల వైపే. మా మానుకోటలో టెన్నిస్ బాల్‌తో యార్కర్లు వేసే అన్నలను చిన్నప్పటి నుంచి చూశా. వాళ్లకి లెదర్ బాల్ లీగ్ ఆడాలంటే ముందు సికింద్రాబాద్ రైలెక్కాలి. ఆ తర్వాత సిటీలో రూమ్, క్లబ్, ఖర్చు. ఇంట్లో "చదువు సంగతేంది బిడ్డా" అన్న ప్రశ్న ఎట్లాగూ ఉంటుంది.

నాగాలాండ్, అరుణాచల్, మేఘాలయ పిల్లలకి రంజీలో ఒక మెట్టు దొరికింది. ఓడారు, 26 సిక్సులు ఇచ్చారు, 2 రన్స్‌కి 6 వికెట్లు పోగొట్టుకున్నారు. అయినా మెట్టు ఉంది కాబట్టే, గ్రూప్‌లో చిత్తుగా ఓడించిన టీమ్‌ని అయిదారు వారాల్లోనే ఫైనల్లో నాలుగో రోజు దాకా లాగారు. అదే రాష్ట్రం లోపల కూడా కావాలి. జిల్లాల మధ్య, ఎక్కడం దిగడం ఉండే లీగ్. జనగామ టాప్ డివిజన్‌లో, భూపాలపల్లి కింది డివిజన్‌లో ఉన్నా పర్లేదు. గెలిస్తే ఎక్కుతామన్న నమ్మకం ఉంటే చాలు, ఓడినా మళ్లీ గ్రౌండ్‌కి వస్తారు.

ప్లేట్‌కి దిగడం హైదరాబాద్‌కి సిగ్గు అనిపించి ఉండొచ్చు. నాకైతే రంజీలో ఉన్న నిజాయితీ అందులోనే కనిపించింది. చరిత్ర చూసి సీటు ఇవ్వలేదు. ఆట చూసి దింపారు, ఆట చూసి ఎక్కించారు. ఆ రూల్ ఇంకా మన ఊరి గ్రౌండ్ దాకా రావాల్సి ఉంది.

మీ ఊర్లో లెదర్ బాల్ లీగ్ జరుగుతోందా? ఎవరు నడుపుతున్నారు? కింద రాయండి, చదువుతా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి!