డ్రాయింగు మాస్టరు - గ్రామఫోను రికార్డు

మన పాఠశాలల చరిత్ర వ్రాయువారు ప్రధానోపాధ్యాయుల పేళ్లను, పరీక్షాఫలితములను, భవనములకు శంకుస్థాపన జరిగిన తేదీలను వ్రాయుదురు. డ్రాయింగు మాస్టరును గూర్చి వ్రాయువా రరుదు. అట్లే సంగీత చరిత్రకారులు విద్వాంసుల కచేరీలను వర్ణింతురు గాని, కాఫీ హోటలులో తిరిగిన గ్రామఫోను రికార్డును లెక్కలోనికి దీసికొనరు. సామాన్యుని కంటికి బొమ్మను దెచ్చినవాడు డ్రాయింగు మాస్టరు. వాని చెవికి పాటను దెచ్చినది రికార్డు. చదువుకున్నవారి నడుమ ఈ రెంటికిని దక్కినది చులకనయే. ఆ చులకన న్యాయమైనదియేనా యని మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల చరిత్ర నాధారముగా గొని విచారించుట ఈ వ్యాసోద్దేశము.

చెన్నపట్టణమున 1850లో డాక్టరు అలెగ్జాండరు హంటరు చిత్రకళా పాఠశాలను నెలకొల్పెను. చేతిపనులవారికి గీతయు, కొలతయు, అభిరుచియు నేర్పి, నిత్యము వాడు వస్తువులను మెరుగుపరచుట దాని తొలి లక్ష్యములలో నొకటి. చెన్నరాష్ట్రపు పాఠశాలలలోనికి డ్రాయింగు ప్రవేశించినదియు ఈ దృష్టితోనే. లోయరు, హైయరు పరీక్షలలో గెలిచినవారు డ్రాయింగు మాస్టర్లయిరి.

ఆ మాస్టరు దినచర్య మనలో చాలమంది యెరిగినదే. ముఖ్య పరీక్షలో డ్రాయింగుకు మార్కుల విలువ లేదు. అందుచేత పరీక్షలు దగ్గరపడగానే లెక్కల మాస్టరో, ఇంగ్లీషు మాస్టరో వచ్చి ఆ గంట నడుగును. డ్రాయింగు మాస్టరు మారుమాటాడక రంగుసుద్దల పెట్టె చేతబట్టుకొని వెడలిపోవును. కాని వార్షికోత్సవమునకు స్వాగతద్వారముపై అక్షరములు వ్రాయవలెనన్నను, సభకు గాంధీ మహాత్ముని పటము కావలెనన్నను, నాటకమునకు అడవి తెరయో, అంతఃపురపు తెరయో కావలెనన్నను అందరును ఆయననే వెదకుదురు.

ఆ గంటలో ఆయన నేర్పునది యేమి? బల్లపై కుండ నుంచి గీయుమనును. కుండమూతి గుండ్రముగా నుండునని పిల్లవాడెరుగును గనుక గుండ్రముగానే గీయును. మాస్టరు వాని తలను కుండమట్టమునకు కొంచెము వంచి, "ఒరే, బాగా చూడు. మూతి గుండ్రంగా వుందా, కోడిగుడ్డులా వుందా?" అని యడుగును. పిల్లవాడు చూచును, నవ్వును, చెరిపి మరల గీయును. తాను విన్నదానిని, అనుకొన్నదానిని ప్రక్కకు నెట్టి, కంటికి గనబడినదానిని నమ్ముట యెంతటి విద్యయో పెద్దలమైన పిదప గాని మనకు దెలియదు.

పుంగనూరు పిల్లవానిని ఆవు బొమ్మ గీయుమన్న నిదియే చిక్కు. పుస్తకములోనిది పొడవాటి కాళ్ల ఆవు. వాని పెరటిలోనిదో, మూడడుగుల యెత్తున్న పుంగనూరు పొట్టి జాతి. పుస్తకము చూచి గీసినచో ఎవరి యావో వచ్చును. పెరడు చూచి గీసినచో తన యూరి యావు వచ్చును.

ఇట్టి చదువునకు గౌరవమిచ్చిన కళాశాల మన చెంతనే, మదనపల్లెలో నుండెను. అనీబిసెంటమ్మ 1915లో స్థాపించిన యా దివ్యజ్ఞాన కళాశాలకు ఐర్లండు దేశపు కవి జేమ్సు కజిన్సు అధ్యక్షుడయ్యెను. భారతీయ చిత్రకళను దక్షిణదేశమున ప్రచారము చేసిన ప్రముఖులలో నాయన యొకడు. 1935లో తిరువనంతపురమున శ్రీచిత్రాలయము వెలయుటకును ఆయన తోడ్పడెను. ఆయన సతి మార్గరెట్టు కజిన్సు సంగీతశాస్త్రమున పట్టము బడసిన విదుషి.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు వారి యతిథిగా మదనపల్లెకు వచ్చెను. కళాశాలలో అధ్యాపకులును విద్యార్థులును రాత్రివేళ గూడి పాటలు పాడుకొను నలవాటుండెను. అట్టి యొక కూటమిలో ఆయన తన 'జనగణమన' గీతమును పాడెను. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసులో తొలిసారి పాడబడిన పాట యది. ఫిబ్రవరి 28న దానికి స్వహస్తముతో ఆంగ్లానువాదమును వ్రాసియిచ్చెను. మార్గరెట్టమ్మ ఆయన నడిగి వరుసను స్వరపరచి కాగితముపై నుంచెను. 1950 జనవరి 24న జాతీయగీతమైన పాట యొక్క స్వరలిపి ఒక పల్లెపట్టు కళాశాలలో, పరీక్షకు సంబంధములేని యొక సాయంకాలపు కాలక్షేపమునుండి పుట్టినది. ఆ కూటమిని దండుగ యని యెవరైన మాన్పించియున్నచో ఈ గౌరవము మనకు దక్కెడిదా?

ఇక రికార్డు సంగతి. స్వరలిపి పాట వరుసను నిలుపును గాని గొంతును నిలుపజాలదు. ఆ పనికి రికార్డు వచ్చినది. 1902లో గ్రామఫోను కంపెనీ పక్షమున గెయిస్‌బర్గు కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ మొదలగువారి పాటలను పట్టెను. నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఆ పలక యొక ప్రక్క సుమారు మూడు నిమిషములు మాత్రమే పాడును. దాని ముడిసరకులో ముఖ్యమైనది మన యడవులలో దొరకు లక్క. యంత్రమునకు విద్యుచ్ఛక్తి యక్కరలేదు. చేతితో కీలు త్రిప్పిన చాలును. దీపమైన లేని గ్రామములకు పాట ప్రాకుటకు ఇదియే ముఖ్యకారణము.

బొమ్మకును పాటకును గల చుట్టరికము ఆ రికార్డు పైననే కలదు. బాకా ముందు చెవియొగ్గి కూర్చున్న కుక్కబొమ్మ నెరుగనివారెవరు? దానిని వ్రాసినవాడు ఫ్రాన్సిసు బరాడు అను ఆంగ్ల చిత్రకారుడు. తొలుత ఆ పటమున నున్నది వేరొక యంత్రము. దాని స్థానమున గ్రామఫోనును వ్రాసినయెడల కొందుమని కంపెనీవారనగా, 1899లో అట్లే మార్చి యమ్మెను.

మనవైపు రికార్డు మొదట నాటకపద్యమును మోసికొని వచ్చినది. డి.వి. సుబ్బారావు హరిశ్చంద్ర పద్యములను రికార్డుపై విని పాడ నేర్చినవారు తెలుగునాట నెందరో. తరువాత రావు బాలసరస్వతి, సాలూరు రాజేశ్వరరావుల లలితగీతములు వచ్చినవి. పిమ్మట సినిమాపాట వచ్చెను. కుప్పము మదరాసు-బెంగుళూరు రైలుదారిపై, మూడు భాషలు కలిసికొను తావున నున్నది. 1955లో 'మిస్సమ్మ' తెలుగునను తమిళమునను వెలువడినపుడు, రాజేశ్వరరావు కట్టిన వరుసలే రెండు భాషలలో వినవచ్చెను. మాట వేరైనను వరుస యొక్కటే యని సరిహద్దువారికి వ్యాకరణము కన్న ముందు పాటయే బోధించినది.

నేటివారు పాప్ అని పిలుచు ఈ జనప్రియ సంగీతమును పెద్దలు సహింపలేదు. 1952లో కేస్కర్ మంత్రిగా నున్నపుడు ఆకాశవాణి సినిమాపాటలను బాగుగా తగ్గించెను. శ్రోతలు మానుకొనలేదు, సింహళ రేడియోకు మరలిరి. 1957 అక్టోబరులో వివిధభారతి పెట్టి ఆ పాటలను మరల పిలువవలసివచ్చెను.

చులకనచేయబడిన పలక యెంతటి పని చేయగలదో చూపుట కొక్క నిదర్శనము చాలును. తిరుపతివాసి శంకరంబాడి సుందరాచారి 1942లో 'దీనబంధు' చిత్రము కొరకు 'మా తెలుగు తల్లికి' గీతమును వ్రాసెను. ఆ చిత్రమున దానికి చోటు దొరకలేదు. టంగుటూరి సూర్యకుమారి రికార్డుపై పాడగా తెలుగునాడంతయు వినెను. 1975లో అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రగీతమయ్యెను. దేశగీతమునకు స్వరలిపిని మదనపల్లె యిచ్చినది. రాష్ట్రగీతమును వ్రాసినవాడు మన చిత్తూరు సీమ కవి, దానిని ఇంటింటికి జేర్చినది మూడు నిమిషముల లక్కపలక.

గీతను పాటను ఒక్క చేతితో పట్టిన యుపాధ్యాయులును మనకుండిరి. అడివి బాపిరాజు చిత్రకారుడు, నవలాకారుడు, పాటలు కట్టి పాడినవాడు. బందరు జాతీయ కళాశాలకు అధ్యక్షుడై యుండెను. ఆయన శిష్యులకు చిత్రలేఖనపు గంటయు పాటయు వేరువేరుగా తోచియుండవు.

1980 దశకమున క్యాసెట్టు ప్రబలిన పిమ్మట రికార్డులు అటకలెక్కినవి. లక్కపలక క్రిందపడిన పగులును, ఎండకు వంగును. డ్రాయింగు మాస్టరు వ్రాసిన తెరలను ఎలుకలు కొట్టినవి. పిల్లల డ్రాయింగు పుస్తకములు పొట్లములైనవి. ఈ రజతోత్సవ సమయమున పాఠకులకు నా మనవి యొక్కటి. మీ యిండ్ల రికార్డులున్నచో దొంతిగా పేర్చక, నిలువుగా నుంచి, గ్రంథాలయమునకు జూపుడు. నడిమి చీటిపై నున్న గాయకుని పేరును, సంఖ్యను వ్రాసికొనినచో అదియే యొక పట్టిక యగును. మీకు చిత్రలేఖనము నేర్పిన మాస్టరు పేరు, ఆయన పనిచేసిన సంవత్సరములు, ఆయన వ్రాసిన తెర యొకటి యెచ్చటనైన మిగిలియున్నచో దాని జాడ, ఇవియు నా పట్టికలో చేరవలెను. పుస్తకముల బీరువా ప్రక్కన ఈ రెంటికిని ఒక చిన్న బీరువా చాలును.