దర్శనము – కాలము – క్రమము



ధాన్యమును గాదెలో నింపుకొని కరవు కాలమున వెలికి తీయవచ్చును. సేవ అట్టిది కాదు. నేడు ఊరక గడచిన గడియను రేపటి రద్దీకై దాచియుంచ వీలు లేదు. సేవలనందించు వృత్తులన్నిటికి గల ఈ చిక్కునకు తిరుమల చరిత్రయే చక్కని ఉదాహరణము.

స్వామివారి దర్శనమునకు సుప్రభాతము మొదలు ఏకాంతసేవ వరకే కాలము. తోమాల, అర్చన, నైవేద్యములు అందులోనే జరుగవలెను. దినము పెరుగదు, వాకిలి వెడల్పు కాదు. భక్తులు మాత్రము పెరుగుచునే యున్నారు.

పూర్వము ఈ రాకను కొండయే క్రమపరచెడిది. అలిపిరి నుండియో, శ్రీవారి మెట్టు నుండియో నడచి యెక్కువారు తమ తమ శక్తి కొలది ముందు వెనుకలుగా చేరెడివారు. 1843లో ఈస్టిండియా కంపెనీ ఆలయ నిర్వహణమును హథీరాంజీ మఠ మహంతులకు అప్పగించిన నాడును, 1933లో దేవస్థానముల కమిటీ ఏర్పడిన నాడును ఇదే తీరు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండవది ఏర్పడినవి. నడువలేని వృద్ధులకును కొండ అందినది. ఇది మహోపకారము. కాని కొండ దారి పెరిగినంతగా గర్భాలయపు దారి పెరుగలేదు గదా!

అందుచేత పలు ఉపాయములు అవసరమైనవి. నిలువుకాళ్ళ నిరీక్షణ తప్పించుటకు వైకుంఠం క్యూ కాంప్లెక్సు కట్టిరి. అందు కూర్చుండుటకు చోటు, పాలు, అన్నప్రసాదము లభించుచున్నవి. వేళను ముందే తెలుపుటకు ఒకప్పుడు సుదర్శనం కంకణములు కట్టిరి. పిమ్మట టోకెన్లు వచ్చినవి. కులశేఖరపడి వరకు సాగిన వరుసను లఘుదర్శనము పేర దూరముననే మరలించిరి. దాని వలన దినమునకు 60 వేలకు మించినవారికి దర్శనమగుచున్నది. అయితే ఒక్కొక్కరికి దక్కునది కొన్ని క్షణములే. పదిమందికి పంచినపుడు ఒక్కొక్కరి పాలు తగ్గుట సహజము.

రెండు దినముల వైకుంఠద్వార దర్శనమును 2020 డిసెంబరు నుండి పది దినములకు విస్తరించుట మరియొక ఉపాయము. అయినను 2025 జనవరి 8న ఆ దర్శనపు టోకెన్ల కొరకు తిరుపతిలో జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు భక్తులు ప్రాణములు కోల్పోయిరి. ద్వారము కడ తగ్గించిన ఒత్తిడి టోకెను ఇచ్చు చోట పేరుకొన్నది. వరుసను ఒక చోటి నుండి మరియొక చోటికి మార్చినంత మాత్రమున భారము తీరదని ఈ విషాదము తెలుపుచున్నది.

నిర్వాహకులు టోకెను ఇచ్చు స్థలమును సైతము ఆలయద్వారమంత జాగ్రత్తగా చూడవలెను. భక్తులమైన మనకును బాధ్యత కలదు. పర్వదినముననే చూడవలెనను పట్టు విడిచి, వీలున్నవారు సామాన్య దినములలో వెళ్ళిన, ఆ దినమే వెళ్ళక తప్పని వారికి చోటు మిగులును. స్వామి అన్ని దినములలోను ఆ స్వామియే. ముందున్న వృద్ధుని నెట్టక నిలుచుటయు ఆయన సేవయే యని మేము విన్నవించుచున్నాము.

స్వస్తి.