కవాటం వెంట వచ్చిన మాత్ర

కృత్రిమ గుండె కవాటం కథ ఆపరేషన్ గదిలో మొదలైందనుకుంటాం. సగం కథ పశువుల కొట్టంలో మొదలైంది. 1920ల్లో కెనడాలోనూ, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనూ స్వీట్ క్లోవర్ గడ్డి మేసిన పశువులు లోలోపల నెత్తురు కారి చనిపోయేవి. కొమ్ములు కోస్తే రక్తం ఆగేది కాదు. తడిసి బూజు పట్టిన గడ్డే ఇందుకు కారణమని ఫ్రాంక్ షోఫీల్డ్ అనే పశువైద్యుడు కనిపెట్టాడు. 1933 ఫిబ్రవరిలో ఒక రైతు చచ్చిన ఆవునూ, గడ్డకట్టని రక్తం నింపిన పాలక్యానునూ బండికెత్తుకుని, మంచు తుఫానులో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోని కార్ల్ పాల్ లింక్ దగ్గరికి వచ్చాడు. గడ్డిలోని ఆ విషాన్ని వేరుచేయడానికి లింక్ బృందానికి 1939 దాకా పట్టింది. అదే రసాయన కుటుంబంలో తర్వాత తయారైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా బజారుకెక్కింది. 1951లో ఒక అమెరికన్ సైనికుడు చావాలని దాన్ని మింగి, విటమిన్ కె చికిత్సతో బతికి బయటపడ్డాడు. విరుగుడు ఉందని తేలాక డాక్టర్లకు ధైర్యం వచ్చింది. 1954లో అది మనుషుల మందయింది.

అప్పటికి కవాటాల పని కూడా మొదలైంది. 1952లో వాషింగ్టన్‌లో చార్లెస్ హఫ్నాగెల్ పంజరంలో బంతిలాంటి కవాటం అమర్చాడు. గుండెను ఆపి లోపల కుట్టే యంత్రం ఇంకా రాలేదు కాబట్టి దాన్ని గుండెలో కాక, కిందికి దిగే బృహద్ధమనిలో పెట్టాడు. 1960లో పోర్ట్‌లాండ్‌లో ఆల్బర్ట్ స్టార్ అనే యువ సర్జన్, లోవెల్ ఎడ్వర్డ్స్ అనే రిటైరైన ఇంజనీరు కలిసి గుండె లోపలి మైట్రల్ కవాటాన్నే మార్చారు. ఎడ్వర్డ్స్ నిజానికి కృత్రిమ గుండె చేద్దామని వచ్చాడు. ముందు ఒక కవాటం చేద్దామన్నాడు స్టార్.

పరాయి వస్తువు తగిలితే రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ కవాటాన్ని బిగించేయవచ్చు, లేదా మెదడుకు ఎగిరి పక్షవాతం తేవచ్చు. అందుకే లోహపు కవాటం పెట్టించుకున్నవాళ్లకు రక్తం పలచన చేసే వార్ఫరిన్ లాంటి మాత్ర జీవితాంతం తప్పలేదు. తర్వాతి ఇరవై ఏళ్ల డిజైన్లన్నీ ఈ బెడదను తగ్గించడానికి పడిన పాట్లే. బంతి పోయి, వాలే బిళ్ల వచ్చింది. 1977లో మిన్నెసోటాలో రెండు రెక్కల సెయింట్ జూడ్ కవాటం అమర్చారు. అణు ఇంధనం పూతకోసం చేసిన పైరోలిటిక్ కార్బన్ దానికి పనికొచ్చింది. మాత్ర మాత్రం అలాగే ఉండిపోయింది. మధ్యలో ఒక ఘోరమూ జరిగింది. బ్యోర్క్-షైలీ కవాటంలో ఒక రకానికి తీగ విరిగి, బిళ్ల ఊడి రోగులు చనిపోయారు. 1986లో దాన్ని బజారు నుంచి తీసేశారు.

పారిస్‌లో అలైన్ కార్పెంటియర్ వేరే దారి పట్టాడు. పంది కవాటాన్ని, తోళ్లు ఊనడానికి వాడే గ్లూటరాల్డిహైడ్‌లో ఊరబెట్టి 1960ల చివర్లో మనిషి గుండెకు పనికొచ్చేలా చేశాడు. మొదటి కొన్ని నెలలు దాటితే, వేరే కారణం లేనివాళ్లు మాత్ర మానవచ్చు. కానీ దానిమీద సున్నం పేరుకుంటుంది, పదిపదిహేనేళ్లకు చిరుగుతుంది, రోగి వయసు ఎంత చిన్నదైతే అంత త్వరగా. ఎడిన్‌బరోలోనూ, అమెరికా మాజీ సైనికుల ఆస్పత్రుల్లోనూ 1970ల్లో మొదలుపెట్టిన పోలికల్లో తేలింది ఇదే: లోహం వాళ్లకు రక్తస్రావాలు ఎక్కువ, కణజాలం వాళ్లకు రెండో ఆపరేషన్ ఎక్కువ.

రక్తస్రావాల్లో కొంత పాపం, రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే పరీక్షది. ఒకే రక్తం రెండు ల్యాబుల్లో రెండు అంకెలు చూపేది. అమెరికా ల్యాబుల్లో వాడే రసాయనం అంత సున్నితమైంది కాదు కాబట్టి అక్కడ మందు మోతాదు పెంచేసి ఇచ్చేవారు. 1983లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐఎన్‌ఆర్ అనే ఒకే కొలమానం తెచ్చాక ఆ గందరగోళం సద్దుమణిగింది. నా లెక్కలో కొత్త డిజైన్లకన్నా ఈ అంకె కాపాడిన ప్రాణాలు తక్కువేం కావు. కానీ దానికి అంత పేరు రాలేదు.

మన దేశంలో లెక్క వేరు. పాశ్చాత్య దేశాల్లో కవాటం చెడేది ఎక్కువగా ముసలితనంలో. మన దగ్గర చిన్నప్పటి గొంతునొప్పి కీళ్లవాత జ్వరంగా ముదిరి, ఇరవై ముప్పై ఏళ్లకే మైట్రల్ కవాటాన్ని పాడుచేస్తుంది. ఆ వయసుకు లోహమే సరిపోతుందని తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో ఎం.ఎస్. వలియత్తాన్ బృందం స్వదేశీ కవాటానికి పూనుకుంది. మూడు నమూనాలు విఫలమయ్యాక, ప్లాస్టిక్ బిళ్లతో చేసిన నాలుగోది 1990 డిసెంబరులో తొలిసారి మనిషికి అమర్చారు. ఇప్పటికి లక్షకు పైగా గుండెల్లో అది చేరింది.

2020 అమెరికా మార్గదర్శకాలు బృహద్ధమని కవాటం విషయంలో యాభై లోపు వాళ్లకు లోహం, అరవై అయిదు దాటితే కణజాలం అంటాయి, ఆ నడుమ రోగితో మాట్లాడి తేల్చుకోమంటాయి. ఈ వయసుల గీత వెనక పరీక్ష చేసే ల్యాబు పక్క వీధిలోనే ఉంటుందన్న నమ్మకం ఉంది. ఉట్నూరు తండాలోనో పాడేరు గూడెంలోనో ఉండే మనిషికి ఆపరేషన్ ప్రభుత్వ ఆరోగ్య పథకంలో జరగవచ్చు, ఐఎన్‌ఆర్ కోసం బస్సెక్కడం మాత్రం బతికినన్నాళ్లూ ఉంటుంది. మన వైపు ఎక్కువగా రాసే అసిట్రోమ్ కూడా వార్ఫరిన్ జాతిదే. గోంగూర, తోటకూర ముట్టొద్దని ఒకప్పుడు చెప్పేవాళ్లు. ఇప్పుడు తినండి, వారం వారం ఒకే మోతాదులో తినండి అంటున్నారు. అసలు ప్రమాదం ఆకుకూరకన్నా ఒళ్లునొప్పులకు అడక్కుండా మింగే గోళీలో, ఊళ్లో తుంటికి వేయించుకునే సూదిలో ఉంది. పెళ్లికావలసిన అమ్మాయిల సంగతి మరీ చిక్కు: ఈ మాత్ర గర్భం తొలి నెలల్లో పిండానికి హాని చేయగలదు, ఆపితే కవాటం బిగుసుకోగలదు. అందుకే కొందరు రెండో ఆపరేషన్ ఖాయమని తెలిసీ కణజాలమే ఎంచుకుంటారు.

2002లో ఫ్రాన్స్‌లోని రువాఁలో అలైన్ క్రిబియే తొడ రక్తనాళం గుండా కవాటాన్ని పంపాక, కణజాలం వైపు మొగ్గు పెరిగింది. చెడిన కవాటంలోనే ఇంకోటి దూర్చవచ్చు, ఛాతీ మళ్లీ తెరవక్కర్లేదు అన్న ఆశ అది. ఇరుకు కవాటంలో అది అందరికీ కుదరదు. లోహం వైపువాళ్లు రక్తం పలచన చేసే కొత్త మందుల మీద ఆశ పెట్టుకున్నారు. డాబిగట్రాన్ ప్రయోగాన్ని గడ్డలూ రక్తస్రావాలూ రెండూ పెరిగాయని మధ్యలోనే ఆపారు. 2022లో అపిక్సబాన్ ప్రయోగానికీ గడ్డల కారణంగా అదే గతి పట్టింది. కాబట్టి ఇప్పటికీ లోహపు కవాటం ఉన్నవాళ్ల చీటీలో అసిట్రోమో, వార్ఫరినో ఉంటుంది, దాని పక్కన ఐఎన్‌ఆర్ పరీక్ష తేదీ ఉంటుంది.