ఇంగ్లీషు ధాతుజ విశేషణములు – ప్రత్యక్షపద్ధతి

వ్యావహారిక భాషోద్యమమును మనము తరచు సాహిత్యవివాదముగానే తలంచుచున్నాము. అది మొదట తరగతిగదిలో పుట్టిన ప్రశ్న యన్న సంగతి మరుగుపడినది. 1907 ప్రాంతమున జె. ఎ. యేట్సు దొర ఉత్తర మండలములకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చెను. అనువాదముతో గాక, వస్తువులను చేష్టలను చూపి ఏ భాషను ఆ భాషలోనే నేర్పవలెనను ప్రత్యక్షపద్ధతి ఆయన కభిమానము. తెలుగుబడులలో నోటి భాష యొకటి, పుస్తకభాష వేరొకటి యగుట దానికి అడ్డుతగిలెను. విశాఖపట్టణమున పి. టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరమున గురజాడ అప్పారావుగారు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ చర్చలో కూడిరి.

పంతులుగారు 1863లో శ్రీకాకుళ ప్రాంతపు పర్వతాలపేటలో జన్మించి, విజయనగరమున చదివి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైరి. సవర భాషను వారు పుస్తకముల వలన గాక సవరల నోటినుండియే నేర్చిరి. పిమ్మట ఆ పిల్లలకై వాచకములు రచించిరి.

ఈ పద్ధతికి గట్టి పరీక్ష ఇంగ్లీషు ధాతుజ విశేషణములని మా యభిప్రాయము. విసుగు చెందిన విద్యార్థి తాను 'బోర్డ్' అనుటకు మారు 'బోరింగ్' అని వ్రాయును. ఉపాధ్యాయుడు నవ్వి ఎర్రసిరాతో కొట్టివేయును. నవ్వవలసిన పని లేదు. 'విసిగిన', 'విసిగించిన' అని తెలుగు ధాతువును మార్చి భేదము చూపును. చివరి ప్రత్యయము రెండింటను ఒకటే. ఇంగ్లీషు ధాతువును కదపక చివరనే మార్చును. 'చంపిన పులి' యన్నచో చంపినదో, చచ్చినదో సందర్భమే తేల్చవలెను. కనుక చివరి అక్షరములలో కర్తను వెదకుట మన విద్యార్థికి అలవాటు లేదు. ఈ అలవాటును అనువాదము కలిగింపజాలదు, కంటికి చూపవలెను.

చూపుటకు దూరము పోనక్కరలేదు. 1892లో విజయనగరమున తొలిసారి ప్రదర్శితమైన 'కన్యాశుల్కము' 1955లో పి. పుల్లయ్యగారి దర్శకత్వమున చలనచిత్రమైనది. గిరీశము ఉపన్యసించుచుండగా ధ్వని ఆపి బొమ్మనే చూపుడు. ఆ మాటలు 'అమేజింగ్'; వినుచున్న వెంకటేశము 'అమేజ్డ్'. గిరీశమే 'అమేజ్డ్' అని యెవడైన అనినచో తరగతియే సవరించును. అగ్నిహోత్రావధానులు కోపించిన దృశ్యమున, కోపము పుట్టించిన మాట 'ఇరిటేటింగ్', అవధానులు 'ఇరిటేటెడ్'.

అయితే బొమ్మ సర్వమును చేయునని నమ్మువారితో మేము ఏకీభవింపము. ఒకే చట్రములో ఇద్దరు నుందురు. ఏ మాట ఎవరిదో బొమ్మ చెప్పదు. ఉపాధ్యాయుడు ముందు కారణమును, తరువాత అనుభవించువానిని వ్రేలితో చూపి, ఆ వెంటనే మాటను పలుకవలెను. ఆశాభంగము వంటి భావములు ముఖమున స్పష్టముగ కనబడవు గనుక అచట కథ చెప్పక తప్పదు.

మరియొక తరగతి పదము లున్నవి. 'బాయిలింగ్ వాటర్', 'బాయిల్డ్ వాటర్' అనువానిలో భేదము ప్రధానముగా కాలమునకు సంబంధించినది. అది తెలుగున 'మరుగుచున్న', 'మరిగిన' అని స్పష్టముగ నున్నది. వీనికి చలనచిత్రము అవసరమే లేదు. పొయ్యిమీది గిన్నె చాలును.