ఆర్మీనియా కంసాలులు, మన మంగళగిరి కుంపట్లు

నగలను గురించి దేవాలయ సంచికలో వ్రాయవలసిన పని ఏమున్నదని మన పెద్దలలో కొందరు అడుగవచ్చును. బంగారు అలంకారమును గురించి అపొస్తలుడైన పేతురు స్త్రీలకు చేసిన హెచ్చరికను మేము మరువలేదు. అయినను మన యింటి ఆడపడుచు మెడలో పుస్తె పడేది దేవాలయములోనే గదా! ఆ పుస్తెను చేసిన చేతుల సంగతి తెలుసుకొనుటలో తప్పు లేదని మా అభిప్రాయము.

క్రీస్తు శకము 301లో క్రైస్తవ్యమును రాజ్యమతముగా స్వీకరించిన మొదటి దేశము ఆర్మీనియా అని సంప్రదాయము. కొండల నడుమ నున్న ఆ చిన్న దేశమువారికి రాతిపని, లోహపు పని పుట్టుకతో వచ్చిన విద్యలు. వారి రాతి సిలువలను 'ఖచ్‌కార్' అంటారు. వాటిపై సాధారణముగా యేసు ప్రభువు బొమ్మ ఉండదు. సిలువ అడుగునుండి ఆకులు, తీగెలు చిగురించి పైకి పాకుతూ ఉంటాయి. ఎండిన మ్రాను చిగురించినదన్న భావము చూడగానే తెలుస్తుంది. ఈ పనితనమును 2010లో యునెస్కో తన వారసత్వపు జాబితాలో చేర్చినది. ఆ సిలువనే వారి కంసాలులు వెండిలో చిన్నదిగా చేసి గొలుసుకు వ్రేలాడదీస్తారు. దానిమ్మకాయ వారికి మరొక ప్రియమైన గుర్తు. 405 ప్రాంతములో మెస్రోప్ మష్తోత్స్ అనే భక్తుడు తమకు కూర్చి యిచ్చిన అక్షరములను సైతము వారు ఉంగరములపైనా, చెవిపోగులపైనా చెక్కించుకొంటారు. లిపిని ఆభరణముగా ధరించుట మనకు వింతగా తోచును గాని, రాజ్యము పోయిన జాతికి అక్షరమే ఆస్తి.

వాన్ పట్టణపు కంసాలులు వెండిపై గీతలు చెక్కి, వాటిలో నల్లని మిశ్రమమును నింపి కాల్చి, నునుపు చేసేవారు. ఆ పనికి గొప్ప పేరుండేది. 1915లో ఒట్టోమన్ పాలనలో మొదలైన మారణకాండలో ఆ జాతి చెల్లాచెదరైనది. లక్షలమంది హతులైనారు. బ్రతికినవారిలో కంసాలులు అలెప్పోలోను, బేరూతులోను తిరిగి కుంపట్లు పెట్టుకొన్నారు. ఇల్లూ పొలమూ వెంట రావు. చేతిలోని పని మాత్రము వెంట వచ్చినది.

ఈ జాతివారికి మన కృష్ణాతీరము క్రొత్తది కాదు. పదునేడవ శతాబ్దములో వారి వర్తకులు మచిలీపట్నపు రేవులో వ్యాపారము చేశారు. ఫ్రెంచి కంపెనీవారికి ఆ రేవులో వర్తకము చేసుకొనే అనుమతిని 1669లో గోల్కొండ సుల్తాను నుండి సంపాదించి పెట్టినవాడు మర్కారా అనే ఆర్మీనియనే. ఆ దినములలో మన గుంటూరు సీమలోని కొల్లూరు వజ్రపు గనులు లోకప్రసిద్ధములు. అక్కడ అరువదివేలమంది పనిచేస్తున్నారని ఫ్రెంచి రత్నవర్తకుడు తవెర్నియే వ్రాసినాడు. (ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయములో మునిగి ఉన్నది.) రష్యా రాజదండములో పొదిగిన ఓర్లోవ్ వజ్రము కొల్లూరుదే అని చెబుతారు. అది సఫ్రాస్ అనే ఆర్మీనియా వర్తకుని చేతిమీదుగానే రాణి కేథరిన్ కొలువుకు చేరినది. మద్రాసులో తోమా కొండకు మెట్లు కట్టించిన పెట్రుస్ ఉస్కాన్ కూడ ఆర్మీనియనే. అక్కడి వారి దేవాలయము 1772లో కట్టినది, నేటికీ నిలిచి ఉన్నది.

ఇక మన మంగళగిరి. చేనేతకు పేరొచ్చిన ఊరు గనుక మగ్గము సంగతి అందరూ చెబుతారు, కుంపటి సంగతి చెప్పేవారు తక్కువ. కంసాలి బంగారమును గీటురాయిపై గీసి వన్నె చూచును. మూసలో కరిగించి కడ్డీ పోసి, దాగలిపై సాగగొట్టి, కమ్మచ్చు బెజ్జములలోనుండి లాగి తీగె తీయును. వెలిగారము అద్ది, ఊదుగొట్టముతో మంటను సూదిమొనవలె నిలిపి అతుకు వేయును. ఒక్క ఊపిరి ఎక్కువైతే అతుకుతోపాటు నగ కూడ కరిగిపోవును. పుస్తెలపై సిలువ గుర్తు వేయించుకొనుట మన క్రైస్తవ కుటుంబములలో వాడుక. వేరే ఆచారము గల కంసాలులే దానిని ఓపికతో చెక్కి యిస్తున్నారు. ఇది ఎన్నదగిన సంగతి.

ఈ వృత్తికి తగిలిన పెద్ద దెబ్బ 1963 జనవరిలో వచ్చిన బంగారు నియంత్రణ. పదునాలుగు క్యారట్లకు మించిన నగ చేయరాదన్నారు. మన ఆడవారు అంత తక్కువ వన్నె నగ ముట్టరు. దేశమంతటా లక్షలమంది కంసాలులు పనిలేక పస్తులున్నారు, ప్రాణములు తీసుకొన్నవారును కలరు. 1966లో ఆ హద్దు తొలగించినా, 1968లో నియంత్రణను చట్టముగా చేశారు. అది 1990లో గాని రద్దు కాలేదు. ఈలోగా ఎందరో తండ్రులు తమ కుమారులను వేరు పనులకు పంపినారు.

నియంత్రణ పోయిన తరువాత యంత్రము వచ్చినది. మైనపు అచ్చులలో పోతపోసిన నగలు దూరప్రాంతములనుండి పెద్ద దుకాణములకు వస్తున్నవి. 2021 నుండి హాల్‌మార్కు తప్పనిసరి అయినది. కొనేవారికి అది మేలే, కాదనము. అయితే ఆ ముద్ర బంగారపు వన్నెను చెబుతుందే గాని పనివాని నేర్పును చెప్పదు. ఆర్మీనియావారు దానిమ్మకాయ చూపి 'ఇది మాది' అని లోకమునకు అమ్ముకొంటున్నారు. మన గుండ్లపేరు, మన కాసులపేరు ఏ ఊరి చేతిపనియో కొన్నవారికే తెలియదు.

మా మనవి ఒక్కటే. ఈ యేడు సంఘములో వివాహములు తలపెట్టినవారు కనీసము పుస్తెలైనా దుకాణపు అద్దాల పెట్టెలోనుండి తీయక, ఊరి కంసాలివద్ద కూర్చుండి చేయించండి. మజూరి, తరుగు ముందే మాట్లాడుకొనండి. సిలువ ఎట్లుండవలెనో కాగితముపై గీసి యిస్తే అతడు అట్లే చెక్కును. ముహూర్తమునకు పదిహేను రోజులు ముందుగా వెళ్ళండి.