మైలుకొక పెన్నీ: లండను నుండి సౌతాంప్టను రేవునకు

సముద్రయానముల చరిత్ర వ్రాసినవారు ఓడల పొడవులను, యంత్రముల బలమును, తుపానుల భీభత్సమును ఎంతయో శ్రద్ధతో వర్ణించిరిగాని, ఆ ఓడ కట్టివేయబడియున్న రేవువరకు సామాన్యుడు ఎట్లు చేరెననియు, అట్లు చేరుటలోనే వాని మూటలోని సొమ్ము ఎంతపాలు కరగిపోయెననియు విచారించినవారు బహుస్వల్పము. మహానగరమునకును మహారేవునకును నడుమనున్న ఆ కొలది మైళ్ళే అనేకులకు సముద్రముకంటె దాటరానివై యుండెడివి. లండను నగరమునుండి సౌతాంప్టను రేవునకు పోవు దారి చరిత్రను పరిశీలించినచో, ఆ దారి ఎన్నడును తనంతట తాను చవుక కాలేదనియు, చవుక అయినప్పుడెల్ల దాని వెనుక ఒక శాసనమో, ఒక వ్యాపారావసరమో, ఒక ఘోరప్రమాదమో ఉన్నదనియు స్పష్టమగును.

ఇంగ్లండు దక్షిణతీరమున వైట్ ద్వీపము అడ్డుగా నిలిచి గాలివానలనుండి కాపాడుచుండగా, లోనికి చొచ్చుకొనివచ్చిన జలభాగము కొసన సౌతాంప్టను వెలసియున్నది. ఇచ్చటి పోటు విచిత్రమైనది. ఇతరత్ర నీరు నిండినవెంటనే తీయుటకు మొదలిడును, ఇచ్చట నిండిన నీరు చాలసేపు నిలిచియుండును. లోతు నీటిని కోరు పెద్ద ఓడలకు ఇంతకంటె వలసినది లేదు. అదిగాక థేమ్స్ నదిలో బయలుదేరిన తెరచాప ఓడ కెంటు తీరమును చుట్టి పడమటికి తిరుగులోపల ఎదురుగాలి తగిలినచో దినములు, ఒక్కొక్కప్పుడు వారములు, లంగరు వేసికొని పడియుండవలసివచ్చెడిది. కావున లండను ప్రయాణికుడు నేలదారిని సౌతాంప్టను చేరి ఓడ నెక్కుట బుద్ధిమంతుల పద్ధతియే. అయితే ఆ నేలదారి సుమారు డెబ్బదితొమ్మిది మైళ్ళు.

రైలు రాకపూర్వము ఈ దారిని నడిచినవి గుఱ్ఱపు కోచీలు. సౌతాంప్టను ప్రధానవీధిలోని స్టార్ అను పాతసత్రము ద్వారముకడ, లండనుకు కోచీ ఆదివారములు తప్ప ఆల్టన్, ఆల్రెస్‌ఫర్డ్ మీదుగా పది గంటలలో పోవునని తెలుపు పలక కలదు. పది గంటలని గర్వముగా చాటినది ఆనాటి వేగమునకు పరాకాష్ఠ. కోచీ లోపల కూర్చుండువారికి ఒక ధర, పైకప్పుమీద కూర్చుండువారికి దానిలో ఇంచుమించు సగము. మాఘమాసపు మంచులో పది గంటలు పైకప్పుమీద కూర్చుండుటయే ఆ తగ్గింపునకు చెల్లించిన మూల్యము. టిక్కెట్టు ధరతో ఖర్చు తీరునా? తోలువానికి కానుక, కాపరికి కానుక, గుఱ్ఱములు మార్చుచోట భోజనము, సత్రపు పనివానికి మరల కానుక! ఇంతయు భరింపలేనివాడు సరకుబండి వెంట నడచుచు, మూటను మాత్రము బండిలో వేసికొని, కొన్ని దినములకు రేవు చేరెడివాడు.

లండను–సౌతాంప్టను రైలుమార్గమునకు పార్లమెంటు 1834లో అనుమతి నొసగెను. మొదటి ఇంజనీరు ఫ్రాన్సిస్ గైల్స్ పనిని చిన్నచిన్న కంట్రాక్టుదారులకు పంచియిచ్చి, సాగక, ధనము వ్యయమై, వాటాదారుల కోపమునకు గురియై తప్పుకొనగా, జోసెఫ్ లాక్ వచ్చి పనిని సమర్థులకప్పగించి, హాంప్‌షైర్ సుద్దకొండలను లోతుగా త్రవ్వించి, ఏటవాలును మందముగా సమముగా నిలిపి, దారిని పూర్తిగావించెను. 1838 మే నెలలో లండనునుండి వోకింగ్ వరకు బండ్లు నడచుటకు మొదలిడెను. కొలదిదినములలోనే ఎప్సమ్ గుఱ్ఱపుపందెములకు ఎనిమిది బండ్లు నడపెదమని కంపెనీవారు ప్రకటింపగా, వేలకొలది జనము స్టేషనుపై విరుచుకుపడి తలుపులు త్రోసికొని లోనికి చొరబడిరి. చవుకగా పోవు సాధనము దొరికినచో పోవలెనను కోరిక జనులలో ఎంత అణగియున్నదో పెట్టుబడిదారులకు ఆనాడు కన్నులకు కట్టినట్లు తెలిసియుండవలెను. తెలిసినను వారు దానిని మఱచుటకు ఎక్కువకాలము పట్టలేదు.

1840 మే 11వ తేదీన దారి ఆద్యంతము తెరువబడెను. పది గంటల ప్రయాణము మూడు గంటలయ్యెను. కాని లండనులో ఆ రైలు ఆగినచోటు నైన్ ఎల్మ్స్. అది నగరమునకు దూరముగా, థేమ్స్ దక్షిణపుటొడ్డున, తోటలును చిత్తడినేలలును గల ప్రాంతము. నగరమధ్యమున నివసించువాడు అచ్చటికి నదిమీద చిన్న పొగపడవలోనో, వీధిలో ఆమ్నిబస్సులోనో చేరవలెను. పెట్టెలున్నచో కూలి వేఱు. మూడు గంటల రైలుప్రయాణము నెక్కుటకే ఒక గంట శ్రమ! 1848 జూలైలో దారిని ఇండ్లపైకప్పుల మీదుగా కమానులపై నడిపించి వాటర్లూ స్టేషను తెరచువరకు ఈ యిబ్బంది తప్పలేదు.

ఇక బీదవాని సంగతి. తొలినాళ్ళ రైలు కంపెనీలు మొదటి, రెండవ తరగతులవారికొఱకు పుట్టినవి. మూడవ తరగతివానిని అవి సరకుతో సమానముగా భావించినవి. వానికి సరకుబండికి తగిలించిన పైకప్పులేని పెట్టె, తక్కువ ఎత్తు ప్రక్కపలకలు, వానయు, పొగయు, నిప్పురవ్వలును. 1841 డిసెంబరు 24వ తేదీన గ్రేట్ వెస్టర్న్ దారిలో సోనింగ్ కడ విఱిగిపడిన మట్టికట్టను బండి ఢీకొనగా, ఇంజనునకును సరకుపెట్టెలకును నడుమ అట్టి పెట్టెలలో కూర్చున్న కూలివారు పలువురు మరణించిరి. పండుగకు ఇండ్లకు పోవుచున్నవారు వారు. ఆ మరణములు దేశమును కలచినవి.

అప్పటికి వర్తకమండలి అధ్యక్షుడుగానున్న గ్లాడ్‌స్టన్ 1844లో చేయించిన రైల్వే శాసనము ఈ చరిత్రలో నాకు అన్నిటికంటె ప్రియమైన ఘట్టము. ఒక్కొక్క కంపెనీయు దినమున కొక్కటియైనను రానుపోను బండి నడపవలెను. అది అన్ని స్టేషనులలోను ఆగవలెను. ఆగుటలతో కలిపి గంటకు పండ్రెండు మైళ్ళకు తగ్గరాదు. పెట్టెలకు పైకప్పును, కూర్చుండుటకు బల్లలును ఉండవలెను. మైలుకు ఒక పెన్నీకి మించి తీసికొనరాదు. ఏబదియాఱు పౌనుల సామాను ఉచితము. మూడేండ్లలోపు బిడ్డలకు టిక్కెట్టు లేదు, పండ్రెండేండ్లలోపువారికి సగము. దీనిని జనులు పార్లమెంటరీ బండి యనిరి. ఇట్టి బండ్లపై వచ్చిన రాబడికి పన్ను లేదని ప్రభుత్వము కంపెనీలకు ఒక ప్రలోభమును సైతము చూపెను.

ఈ లెక్కను మన దారికి అన్వయించి చూతము. డెబ్బదితొమ్మిది మైళ్ళకు డెబ్బదితొమ్మిది పెన్నీలు, అనగా ఆఱు షిల్లింగుల ఏడు పెన్నీలు. హాంప్‌షైర్ పొలములలో పనిచేయు కూలివానికి ఆ దశకమున వారమంతయు శ్రమించినను పది షిల్లింగులు చేతికి రాకుండెడివి. కాబట్టి చవుక యని మనము పొగడునది వానికి నాలుగైదు దినముల కూలి. కాలమును చూచినచో, శాసనము కోరిన కనిష్ఠవేగముతో ఆఱున్నర గంటలు. పైతరగతివారు అందులో సగము కాలములో చేరుచుండిరి. కొన్ని కంపెనీలు ఈ బండిని తెల్లవారకముందో, ప్రొద్దుగ్రుంకిన పిమ్మటనో నడపి, శాసనపు అక్షరమును పాటించి ఆశయమును తప్పించుకొనుచుండెను. అయినను సామాను నెత్తిన మోయక, తడవక, ఒకే దినమున రేవు చేరగల హక్కు బీదవానికి వ్రాతపూర్వకముగా లభించినది మొదట ఈ శాసనముచేతనే. ధర్మకర్త దయగా దొరకునది వేఱు, హక్కుగా దొరకునది వేఱు. మూటతోను బిడ్డలతోను స్టేషనులో నిలుచున్నవానికి ఆ భేదము తెలియును.

రైలు వచ్చినవెంటనే రేవు పెరిగెను. 1838లో శంకుస్థాపన జరిగిన తొలి డాకు 1842లో తెరువబడెను, పి. అండ్ ఓ. కంపెనీ టపా ఓడలు దానిని ఆశ్రయించినవి. ఆ యేడే సెప్టెంబరు 24వ తేదీన హిందుస్థాన్ అను పొగఓడ సౌతాంప్టను విడిచి కలకత్తాకు ప్రయాణమయ్యెను. అటుపిమ్మట మూడు దశాబ్దములకు పైగా మన దేశమునకు రావలసిన ఆంగ్లాధికారులును, వారి టపాయును, అలెగ్జాండ్రియాలో దిగి ఈజిప్టును నేలమీద దాటి సూయెజులో మరల ఓడ నెక్కువారు, పెక్కురు లండను బండిలో ఈ రేవునకు వచ్చినవారే. అచ్చట రైలు ఓడ సమీపమునకు వచ్చి ఆగుచుండగా, ఆ ప్రయాణమునకు రెండవ కొసయైన మద్రాసులో అప్పటికి కట్టడపు రేవే లేదు. ఓడ దూరమున నిలిచిన పిదప, కొబ్బరిపీచు త్రాళ్ళతో పలకలు కుట్టిన మసూలా పడవలలో, కెరటముల నడుమ ప్రాణములరచేత పట్టుకొని ఒడ్డు చేరవలెను. ఆ పడవల కిరాయిని ప్రభుత్వపు రేవు అధికారి నియమించెడివాడు. వేల మైళ్ళకు అటొక కొన, ఇటొక కొన; రెండుచోట్లను క్రొత్తగా వచ్చినవాడు దోపిడి కాకుండుటకు ధరను శాసించు అధికారము ఒకటి అవసరమయ్యెను. 1870వ దశకపు నడిమిభాగమున పి. అండ్ ఓ. సౌతాంప్టనును వదలి లండను డాకులకు మారగా రేవు కొంతకాలము కళ తప్పెను.

దానిని మరల నిలిపినది రైలు కంపెనీయే. లండను–సౌత్ వెస్టర్న్ రైల్వే 1892లో డాకులనే కొనివేసెను. దారియు రేవును ఒకే చేతిలోనికి వచ్చుటతో పట్టాలు ఓడప్రక్కకు సాగినవి. మరుసటియేట అమెరికన్ లైనును, 1907లో వైట్ స్టార్ కంపెనీయు లివర్‌పూలునుండి తమ వేగపుటోడలను ఇచ్చటికి తెచ్చిరి. అమెరికాకు పోవు వలసజనుల ప్రవాహమును వాని వెంట వచ్చెను. 1912 ఏప్రిల్ 10వ తేదీ ఉదయమున టైటానిక్ ఓడ యెక్కుటకు వాటర్లూ నుండి వచ్చిన బండ్లలో రెండవ, మూడవ తరగతులవారిది ముందుగా చీకటితోనే లేచి అందుకొనవలసినది. మొదటి తరగతివారు తీరికగా తరువాతిబండిలో వచ్చి, ఓడ కదలుటకు స్వల్పకాలము ముందు దిగిరి. 1844 నాటి భేదము రూపు మార్చుకొని నిలిచియే యున్నది.

రష్యా, పోలండు పల్లెలనుండి బయలుదేరినవారు ఇంగ్లండు తూర్పుతీరమున దిగి, రైలులో దేశమును అడ్డముగా దాటి ఈ రేవు చేరుచుండిరి. నౌకాకంపెనీ ఏజెంట్లు ఊరినుండి ఊరివరకు ఒకే టిక్కెట్టు అమ్ముచుండిరిగాన, నడుమ ఎంత ఖర్చో ప్రయాణికునకు తెలియదు, భయమును లేదు. మనవారి అదృష్టము అట్టిది కాదు. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము రేవులనుండి రంగూనుకు పోయిన మన కూలీలలో ఎందఱకో ఊరు విడిచినది మొదలు ఓడ దిగువరకు అయిన వ్యయమును మేస్త్రీ బయానాగా ఇచ్చి, పిమ్మట బర్మా మిల్లులలో వారి కూలినుండి కోసికొనుచుండెడివాడు. రేవువరకు పోవు ఖర్చే ఒక బానిసత్వమునకు తొలిముడి యైనచోట, మైలుకొక పెన్నీ అను నియమపు విలువ యెట్టిదో తెలుగువానికి వేఱుగా చెప్పనక్కఱలేదు.

రేవు చేరినంతమాత్రాన కథ ముగియదనుటకు అట్లాంటిక్ పార్కు సాక్షి. ఈస్ట్‌లీ కడ, రైలుదారి ప్రక్కనే, యుద్ధకాలపు విమానశాలలలో 1922లో మూడు నౌకాకంపెనీలు వలసజనులకు ఒక వసతి నేర్పరచెను. 1924లో అమెరికా ద్వారములు మూయగా వందలాదిమంది ముందుకు పోలేక, వెనుకకు మరలలేక అచ్చట ఏండ్లకొలది పడియుండిరి. 1931లో ఆ వసతి మూతపడెను. ఆ స్థలమే నేటి సౌతాంప్టను విమానాశ్రయము.

రెండవ ప్రపంచయుద్ధానంతరము, 1950 జూలైలో ప్రధాని అట్లీ ప్రారంభించిన ఓషన్ టెర్మినల్‌లో రైలు భవనములోనికే వచ్చి ఆగెడిది. ప్రయాణికుడు మెట్లెక్కి విశ్రాంతిశాలలో కూర్చుండి, అచ్చటినుండి వంతెనమీదుగా ఓడలోనికి నడచిపోవును. నగరమునకును ఓడకును ఇంత సుకరమైన సంధి అంతకుముందు లేదు. అది ముప్పదిమూడేండ్లు మాత్రమే నిలిచెను. 1950వ దశకము తీరకముందే అట్లాంటిక్ మీద విమానప్రయాణికుల సంఖ్య ఓడప్రయాణికుల సంఖ్యను దాటెను; 1983లో ఆ భవనమును పడగొట్టిరి. ఆధునిక యూరపు చేసిన తొందరపాటుపనులలో దీనిని ఒకటిగా నేను లెక్కింతును, ఏలయన ఆ పిమ్మట కొలదికాలమునకే ఓడలు మరల వచ్చినవి, ఈసారి వలసకు కాదు, విహారమునకు.

నేడు విహారనౌకలకు సౌతాంప్టనులో అయిదు టెర్మినళ్ళున్నవి. లండను ప్రాంతమున స్థిరపడిన తెలుగు కుటుంబములు, స్వదేశమునుండి వచ్చిన తల్లిదండ్రులను వెంటబెట్టుకొని ఆ ఓడలెక్కుట ఇప్పుడు అపురూపము కాదు. అయితే నిత్యమును నడచు రైలు ఏదియు ఓడప్రక్కకు పోదు. సెంట్రల్ స్టేషనులో దిగి, మిగిలిన దూరమును బస్సులోనో, టాక్సీలోనో, సామాను తక్కువైనచో కాలినడకనో పోవలెను. మైలుకు ఇంతయను నియతమైన ధర ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధముననే తొలగెను. ఇప్పుడు ధర టిక్కెట్టు కొన్న దినమునుబట్టి, బండి బయలుదేరు గంటనుబట్టి మారును. వారములముందు కొన్నవానికి విక్టోరియా కోచీస్టేషనునుండి బయలుదేరు బస్సు చవుక, రద్దీలేని వేళ బండి యెక్కువానికి రైలును భారము కాదు. సంగతి తెలియక ఆనాటి ఉదయము స్టేషనుకు వచ్చిన పరదేశి మాత్రము అదే బల్లపై కూర్చుండుటకు కొన్నిరెట్లు చెల్లించును. విక్టోరియా రాణి కాలపు కూలివానికి పెన్నీ యెంతయో ముందే తెలియును. ఈనాటి యాత్రికునకు ఆ నిశ్చయము లేదు. 2025 మే 25వ తేదీన ఈ దారిని నడపు కంపెనీ ప్రభుత్వపరమయ్యెను. ధరల చిక్కును విడదీయు బాధ్యత ఇప్పుడు మరల పార్లమెంటుదే.